మొదటి ఆదివారం రాని విశ్వాసి: విశాఖపట్నంలో ఒక సంఘ కాపరి కేస్ స్టడీ

ప్రార్థన తగ్గిపోయిందని, వాక్యం చదవబుద్ధి కావడం లేదని, మందిరానికి వచ్చినా మనసు ఇంకెక్కడో ఉంటోందని చెప్పుకునే విశ్వాసులు మా సంఘంలో ఏటికేడు ఎక్కువవుతున్నారు. వారిలో చాలామంది పాపంలో పడ్డామని అనరు, తీరిక లేదంటారు. ఆ మాట తరచుగా నిజమే. అయితే తీరిక లేకపోవడం వెనుక మరొక కారణం దాగి ఉన్నప్పుడు దాన్ని కనిపెట్టకుండా, "ఇంకా ఎక్కువగా ప్రార్థించండి" అని చెప్పి పంపేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ నమ్మకానికి బలమిచ్చిన ఒక కేసును తోటి కాపరుల కోసం, సంఘ పెద్దల కోసం, ఆత్మీయ సలహాలిచ్చే పనిలో ఉన్నవారి కోసం వివరంగా రాస్తున్నాను. ఆ సోదరుడు, ఆయన భార్య ఇద్దరూ దీన్ని చదివి అనుమతి ఇచ్చారు. వారిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

ఆ సోదరునికి నలభై ఏళ్ళు దాటాయి. స్వస్థలం బొబ్బిలి ప్రాంతం. తాతగారి కాలంలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ పరిచర్య ద్వారా ఆ కుటుంబం క్రీస్తును అంగీకరించింది. తండ్రి వ్యవసాయం చేసుకుంటూనే ఊరి సంఘంలో కీర్తనలు ఎత్తుకునేవారు. ఈయన డిప్లొమా చదివి విశాఖకు వచ్చి, పరవాడ వైపు ఒక మందుల తయారీ కర్మాగారంలో ఆపరేటర్‌గా చేరి, క్రమంగా యుటిలిటీస్ విభాగంలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి అయ్యారు. బాయిలర్లు, చిల్లర్లు, కూలింగ్ టవర్లు, కంప్రెసర్లు ఆయన బాధ్యత. గోపాలపట్నంలో అప్పు మీద కొన్న ఫ్లాటు ఉంది, భార్య ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతారు, ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. చెల్లెలి పెళ్ళికి చేసిన బాకీ ఇంకా కొంత మిగిలే ఉంది.

ఇలాంటి కుటుంబాలు ఈ ఊళ్ళో కొల్లలు. లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లో ఇక్కడ అడుగుపెట్టి సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టిన నాటికి విశాఖ ఒక చిన్న రేవు పట్టణం. 1933లో ఓడరేవు తెరిచాక, 1941లో ఓడల నిర్మాణ కేంద్రానికి పునాది పడ్డాక, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగాక, పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుండి వచ్చి స్థిరపడినవారి పిల్లలు, మనుమలే ఈనాడు మా సంఘంలో సగానికి పైగా ఉన్నారు. పల్లెలో మందిరం గంట విని బయలుదేరిన తరం వాళ్ళది. వీళ్ళ రోజును కంపెనీ బస్సు నడిపిస్తుంది.

ఈ సోదరుని షిఫ్టులు వారం వారం మారతాయి. 'ఏ' షిఫ్టు ఉదయం 6 నుండి మధ్యాహ్నం 2 వరకు, బీ షిఫ్టు 2 నుండి రాత్రి 10 వరకు, సీ షిఫ్టు 10 నుండి మరునాడు ఉదయం 6 వరకు ఉంటాయి. వీటికి రెండువైపులా బస్సు ప్రయాణం గంటకు పైగానే కలపాలి. సీ షిఫ్టు ముగించుకుని ఆదివారం ఉదయం ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు దగ్గర బస్సు దిగే మనిషి, స్నానం చేసి తొమ్మిది గంటల ఆరాధనకు వచ్చి కూర్చుంటే, ప్రసంగం మధ్యలో తల వాలిపోవడం సహజం. తర్వాతి షిఫ్టు అందుకోవలసిన రిలీవర్ రాకపోతే డబుల్ డ్యూటీ పడుతుంది. ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బులు వస్తాయి కాబట్టి అప్పులున్నవారు దాన్ని కాదనరు.

వచ్చిన ఫిర్యాదు

ముందుగా వచ్చింది ఆయన భార్య. "అయ్యగారండీ, మా ఆయన చేతిలోంచి ఫోను తీయించండి చాలు, మిగతావన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారు. ఒకప్పుడు బస్సులో కీర్తనల గ్రంథం చదువుకుంటూ వెళ్ళే మనిషి ఇప్పుడు ఎక్కింది మొదలు దిగేవరకు రీల్స్ చూస్తున్నారని, కుటుంబ ప్రార్థనకు పిలిస్తే విసుక్కుంటున్నారని, దశమభాగం (ఆదాయంలో పదో వంతు కానుక) ఇవ్వడం ఆపేశారని, పిల్లల మీద కేకలు ఎక్కువయ్యాయని చెప్పి కంటతడి పెట్టుకున్నారు. కొన్ని వారాల తర్వాత ఆయన కూడా వచ్చారు, కానీ తన ఇష్టంతో వచ్చినట్లు కనిపించలేదు. ఆయన చెప్పుకున్నది రెండే ముక్కలు: "టైము లేదు అయ్యగారూ. పడుకుంటే లేవలేను, లేస్తే బస్సు."

అప్పటికే సంఘ పెద్దలు ఇద్దరు ఆయనతో మాట్లాడి, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు రమ్మని, తెల్లవారుజామున నాలుగింటికి లేచి మోకరించమని సలహా ఇచ్చారు. వారి ప్రేమను నేను శంకించను. కానీ సీ షిఫ్టు వారంలో తెల్లవారుజామున నాలుగింటికి ఆ మనిషి బాయిలర్ల మధ్య ఉంటారు. తాను చేయలేని పని చేయమన్నందువల్ల ఆయనకు కలిగింది మరికాస్త సిగ్గే. ఆ సిగ్గుతో పెద్దలకు ఎదురుపడడం కూడా తగ్గించారు.

ఫోను సంగతి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే దీన్ని మనం చాలా పైపైన మాట్లాడి వదిలేస్తున్నాం. ఆయన ఫోనులో అసభ్యమైనవి ఏవీ లేవు. తెల్లవారగానే వాగ్దాన వచనాల చిత్రాలు పదుల సంఖ్యలో వచ్చిపడేవి. ఆయన వాటిని చదవకుండానే మరో నలుగురికి పంపి, కింద "ఆమెన్" అని పెట్టేవారు. యూట్యూబ్‌లో ఒక దైవజనుని ప్రసంగం సగం, మరొకరి పాట సగం, ఆ తర్వాత క్రికెట్, ఆ తర్వాత వంటలు, మళ్ళీ ఒక సాక్ష్యం, ఇలా సాగేది. రోజంతా దేవుని పేరు చెవిన పడుతూనే ఉంటుంది కనుక, దేవునితో తాను ఒక్క మాటా మాట్లాడలేదన్న సంగతి మనిషికి తెలియకుండా పోతుంది. చెడ్డవాటిని చూడవద్దని చెప్పే మన ప్రసంగాలు ఈ ప్రమాదాన్ని తాకడం లేదు. మంచివాటితోనే నిండిపోయి, మౌనానికి చోటు లేని జీవితం ప్రార్థనకు ఎంత దూరమో మన యవ్వనస్థులకు ఎవరూ చెప్పడం లేదు.

పరిశీలన

నేను ఆయనకు ఒక నోటుబుక్కు ఇచ్చి, షిఫ్టులు రెండు చుట్లు తిరిగేవరకు ప్రతిరోజూ నాలుగు సంగతులు రాయమన్నాను: ఆ రోజు ఏ షిఫ్టు, ఎన్ని గంటలు నిద్రపోయారు, ఫోను ఎంతసేపు చూశారు, ఒంటరిగా గాని కుటుంబంతో గాని ప్రార్థించారా, ప్రార్థిస్తే ఎవరి కోసం. ఫోను లెక్క సెట్టింగ్స్‌లోనే కనబడుతుంది కాబట్టి ఊహించి రాయనక్కరలేదని చూపించాను. ఆధ్యాత్మిక విషయాలకు లెక్కలేమిటని ఒక తోటి కాపరి నన్ను అడిగారు. మనిషి తన గురించి తాను చెప్పుకునే మాటకు, అతని రోజు చెప్పే మాటకు తేడా ఉన్నప్పుడు, దాన్ని నిందించకుండా చూపించడానికి ఇంతకన్నా మంచి సాధనం నా అనుభవంలో కనబడలేదు.

నోటుబుక్కు మొదట చెప్పింది నిద్ర సంగతి. సీ షిఫ్టు వారాల్లో ఆయన పగలు నాలుగైదు గంటలు, అదీ ముక్కలు ముక్కలుగా నిద్రపోతున్నారు. పై అంతస్తులో మిక్సీ, కింద కూరగాయల బండి కేక, మధ్యాహ్నం బడి నుండి వచ్చే పిల్లలు ఆయనను లేపేస్తున్నారు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు, దేవదూత అతన్ని తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చి, తిని మళ్ళీ పడుకోనిచ్చి, రెండోసారి కూడా తినిపించాడు. "నీవిక్కడ ఏమి చేయుచున్నావు" అన్న దేవుని ప్రశ్న హోరేబు కొండ చేరిన తర్వాతే వచ్చింది. కాబట్టి నా మొదటి సలహా పడకగదికి మందపాటి తెర కట్టమని, సీ షిఫ్టు వారంలో మధ్యాహ్నం పిల్లలను పక్కింటి వరండాలో చదివించమని. అది భార్య వెంటనే ఏర్పాటు చేశారు, ఆయన చిరాకు కొంత తగ్గింది కూడా.

అయితే నిద్రతో కథ ముగియలేదు. షిఫ్టే అసలు కారణమైతే, 'ఏ' షిఫ్టు వారంలో ప్రార్థన తిరిగి రావాలి. ఆ వారాల్లో ఆయన మధ్యాహ్నం మూడున్నరకల్లా ఇంట్లో ఉంటారు, రాత్రి హాయిగా నిద్రపోతారు, సాయంత్రమంతా తనదే. అయినా ప్రార్థన గడి ఖాళీగానే ఉంది, ఫోను లెక్క మాత్రం ఆ సాయంత్రాల్లోనే అన్నిటికన్నా ఎక్కువ. సంక్రాంతి సెలవులకు బొబ్బిలి వెళ్ళిన రోజుల్లో కూడా అంతే. ఖాళీగా కూర్చోవలసి వస్తుందనే భయంతోనే ఈ మనిషి ఫోనును ఆశ్రయిస్తున్నాడని, ఫోను ఆయన్ని లాక్కుపోవడం లేదని నాకు అప్పుడు అనిపించింది. ఇంకొక విచిత్రం ఏమిటంటే, ఇతరుల కోసమైతే ఆయన ప్రార్థిస్తున్నారు. చిన్నమ్మాయికి జ్వరం వచ్చిన రాత్రి గంటసేపు మోకాళ్ళ మీద ఉన్నట్లు రాశారు. పక్క ఫ్లాటులోని పెద్దాయన ఆపరేషన్ కోసం ప్రార్థించారు. తన గురించి మాత్రం ఒక్క రోజు కూడా లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది నేను వెతకకుండానే దొరికింది. నోటుబుక్కు పక్కన సంఘ హాజరు పెట్టి చూస్తే, ఆయన డబుల్ డ్యూటీ చేసిన ఆదివారాలన్నీ నెలలో మొదటి ఆదివారాలు. మా సంఘంలో ప్రభువు బల్ల, అంటే క్రీస్తు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం, జరిగేది మొదటి ఆదివారమే. ఒకసారి రిలీవర్ రాకపోవచ్చు, రెండుసార్లు రాకపోవచ్చు, కానీ ఏడాదికి పైగా ప్రతి మొదటి ఆదివారమూ రిలీవర్ రాకపోవడం జరగదు. మరుసటి కలయికలో నోటుబుక్కు ఆయన ముందు తెరిచి, "మొదటి ఆదివారమే ఎందుకు, తమ్ముడూ?" అని మాత్రం అడిగాను. చాలాసేపు ఆయన మాట్లాడలేదు. నేను కూడా ఆ మౌనాన్ని చెడగొట్టలేదు.

బయటపడిన విషయం

అంతకు ఏడాదికి పైగా ముందు ఆయన విభాగంలో మనుషులను తగ్గించారు. ఇద్దరు ఆపరేటర్లు వేయవలసిన రౌండ్లు ఒక్కరి మీద పడ్డాయి. బాయిలరు ప్రెషరు, ఫీడు నీటి వేడి, చల్లటి నీటి ఉష్ణోగ్రత, ఇలా గంట గంటకు వెళ్ళి చూసి లాగ్‌షీటులో రాయవలసిన రీడింగులను రాత్రంతా వదిలేసి, తెల్లవారుజామున పాత షీటు పక్కన పెట్టుకుని ఒక్కసారే నింపేయడం మొదలైంది. వాటితోపాటు గ్యాస్ డిటెక్టర్లు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడం, యాసిడ్ వాడే చోట, అది మీద పడితే కడుక్కోవడానికి పెట్టిన సేఫ్టీ షవర్లను వారానికొకసారి లాగి నీళ్ళు వస్తున్నాయని చూడడం కూడా ఉన్నాయి. అవీ కాగితం మీదే జరిగేవి. ఆడిట్ వస్తోందంటే, ఖాళీలున్న పాత షీట్లను ఒక గదిలో కూర్చుని పూర్తి చేసేవారు. ఒకే పెన్నుతో రాస్తే దొరికిపోతామని రెండు మూడు పెన్నులు మార్చేవారు. కింద షిఫ్ట్ ఇన్‌ఛార్జి సంతకం ఆయనది.

"నేను లంచం తినలేదు అయ్యగారూ, ఒక్క బోల్టు కూడా ఇంటికి తెచ్చుకోలేదు. అందరూ చేసేదే చేశాను" అన్నారు. కాసేపాగి, అడగకుండానే మరొక మాట చెప్పారు. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి ఊళ్ళ మీదికి వచ్చినప్పుడు, గోపాలపట్నంలో నిద్రలేచి పిల్లలను ఎత్తుకుని పరుగెత్తినవారిలో ఆయనా ఒకరు. "ఆ వాసన నాకింకా గుర్తుంది. అలాంటి నేను, చూడని డిటెక్టరును చూశానని రాస్తున్నాను. ఆ చేత్తో రొట్టె ఎలా పట్టుకోమంటారు?"

నా అంచనా ఇది. ఈ సోదరుని విశ్వాసం చల్లారలేదు. చల్లారినవాడు మొదటి ఆదివారం వచ్చి అందరితోపాటు రొట్టె తీసుకుని వెళ్ళిపోయేవాడు. బల్లకు వచ్చే ముందు తన్నుతాను పరీక్షించుకోమని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో చెప్పినదాన్ని ఆయన ఎంత గంభీరంగా తీసుకున్నారంటే, బల్లకు దూరంగా ఉండడానికి నిద్ర చంపుకుని మరో ఎనిమిది గంటలు పని చేశారు. 32వ కీర్తనలో దావీదు తాను మౌనంగా ఉన్న కాలంలో ఎముకలు క్షీణించాయని, తనలోని సారం వేసవి ఎండకు ఎండిపోయినట్లయిందని చెప్పుకున్నాడు. ఆ స్థితికి ఈయన రోజులు అచ్చంగా సరిపోయాయి. తన గురించి ప్రార్థించడానికి మోకరిస్తే మొదట నోటికి రావలసిన మాట ఏదో ఆయనకు తెలుసు. ఆ మాట చెబితే రేపటి షిఫ్టులో ఏం చేయాలో కూడా తెలుసు. అందుకే మోకరించలేదు. తీరిక లేకపోవడం, ఫోను, అలసట అన్నీ నిజాలే, కానీ అవన్నీ ఆ ఒక్క మాట చుట్టూ పేరుకున్నవే.

"మిక్కిలి కొంచెములో నమ్మకముగా ఉండువాడు ఎక్కువలోను నమ్మకముగా ఉండును" అన్న ప్రభువు మాటను (లూకా 16:10) మనం ఎక్కువగా కానుకల గురించి, సంఘంలో ఇచ్చే చిన్న చిన్న పనుల గురించి బోధిస్తాం. కర్మాగారంలో ఒక గడిలో రాసే అంకె మనకు గుర్తురాదు. విశాఖ వంటి ఊళ్ళో, ఇన్ని ట్యాంకుల పక్కన, ఇన్ని పైపుల పక్కన ఇన్ని కుటుంబాలు నిద్రపోయే చోట, ఆ అంకె పొరుగువాని ప్రాణం. పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నేను చూపలేను.

చేసిన పని

మొదట నా సొంత బాధ్యత తేల్చుకోవలసి వచ్చింది. ఒప్పుకోలు నా దగ్గరే ఉంటుందని ఆయనకు మాట ఇచ్చాను. కానీ పరీక్షించని పరికరాల వల్ల రేపు ఎవరికైనా హాని జరిగితే, తెలిసి ఊరుకున్నవాడిని నేను కూడా అవుతాను. అందువల్ల క్షమాపణ వాగ్దానాలు చదివి ప్రార్థించిన వెంటనే ఆయనతో స్పష్టంగా చెప్పాను: జరిగిపోయిన కాగితాల సంగతి నెమ్మదిగా ఆలోచిద్దాం, కానీ పరికరాల సంగతి ఆలోచించడానికి వీల్లేదు, మీ తర్వాతి షిఫ్టులోనే ప్రతి ఒక్కదాన్నీ మీరే చూడాలి, చూసి నాకు చెప్పాలి. ఆత్మీయ సలహాదారులు ఇక్కడ మెత్తబడకూడదు. ఒప్పుకున్నవాని హృదయం తేలికపడితే చాలదు, అతని నిర్లక్ష్యం వల్ల ప్రమాదంలో ఉన్నవారు కూడా మనకు పొరుగువారే.

ఆయన ఆ రాత్రి టార్చి పట్టుకుని ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళారు. యాసిడ్ ట్యాంకు పక్కనున్న షవర్ లివరు లాగితే కాస్త తుప్పునీరు కారి ఆగిపోయింది. పైన లైనులో వాల్వు ఎవరో మరమ్మతు కోసం మూసి, మళ్ళీ తెరవడం మరిచిపోయారు. ఎప్పటి నుండి అలా ఉందో ఎవరికీ తెలియదు, షీటులో మాత్రం వారం వారం సరిగా ఉన్నట్లు ఆయన సంతకంతోనే ఉంది. యాసిడ్ కళ్ళలో పడితే కనీసం పదిహేను నిమిషాలపాటు ఆపకుండా నీళ్ళతో కడగాలని ఆయనే కొత్తవాళ్ళకు శిక్షణలో చెబుతుంటారు. వాల్వు తెరిచి, నీళ్ళు తేటగా వచ్చేవరకు అక్కడే నిలబడి, ఆ తడి బట్టలతోనే ప్రార్థించానని ఫోనులో చెప్పారు. చాలా నెలల తర్వాత తన గురించి తాను చేసుకున్న మొదటి ప్రార్థన అది.

తర్వాతి ప్రశ్న ఉద్యోగంలో ఎలా నిలబడాలన్నది. రాజీనామా చేసి బయటికి రావాలని ఆయనకు తొందర కలిగింది. నేను వద్దన్నాను. యొర్దాను దగ్గర సైనికులు వచ్చి మేమేమి చేయాలని అడిగితే, బాప్తిస్మమిచ్చు యోహాను వారిని సైన్యం విడిచి రమ్మనలేదు, ఎవరినీ బెదిరించి తీసుకోవద్దని, అబద్ధపు నేరాలు మోపవద్దని, తమ జీతంతో తృప్తిపడమని చెప్పాడు (లూకా 3:14). కాబట్టి మేము కలిసి ఒక వాక్యం తయారు చేసుకున్నాం: "నేను చూసినదే రాస్తాను, చూడనిదాన్ని ఖాళీగా వదిలి పక్కన కారణం రాస్తాను." అందులో ఎవరి మీదా నేరం మోపడం లేదు, తోటివారిని బయటపెట్టడం లేదు. తన సంతకం వరకే ఆయన మాట. ఆ మాటను గొంతు పెంచకుండా, తల దించకుండా చెప్పడం కోసం మా ఇంటి వరండాలో చాలాసార్లు పలికించాను. భయపడే విశ్వాసికి వాక్యభాగం ఎంత అవసరమో, మేనేజరు ఎదుట నోరు తెరిచే అభ్యాసం కూడా అంతే అవసరం.

దానికి వెల చెల్లించవలసి వచ్చింది. వాల్వు సంగతి తెలిపినప్పుడే పై అధికారి, మరి ఇన్నాళ్ళ షీట్ల సంగతేమిటని అడిగారు. ఈయన దాచలేదు. మెమో వచ్చింది, ఆ ఏటి ఇంక్రిమెంటు ఆగింది. కొందరు తోటి ఇన్‌ఛార్జులు బస్సులో పక్కన కూర్చోవడం మానేశారు. అన్నిటికన్నా కష్టం ఇంట్లో ఎదురైంది. ప్రార్థనలో బాగుపడతాడని భర్తను నా దగ్గరకు పంపిన ఆమె, జీతం మీద దెబ్బ పడేసరికి, "దీనికా అయ్యగారూ మిమ్మల్ని పిలిచింది?" అని అడిగారు. ఆ కోపం న్యాయమైనదే. నెల కాగానే బ్యాంకు వాయిదా కట్టవలసింది ఆమే. వారిద్దరినీ కూర్చోబెట్టి, బాకీలన్నీ ఒక కాగితం మీద వేసి, ఏది ముందు తీర్చాలో చూశాం. సంఘంలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన సాయంతో వాయిదా గడువు పెంచుకునే దరఖాస్తు పెట్టించాం. దశమభాగం గురించి నేను ఆ నెలల్లో ఎత్తలేదు. బాకీ ఉన్నవానిని కానుక పేరుతో పిండడం కాపరి పని కాదు.

ప్రార్థన క్రమాన్ని అప్పుడే మళ్ళీ కట్టడం మొదలుపెట్టాం, ముందు కట్టి ఉంటే నిలిచేది కాదని నా అభిప్రాయం. కుటుంబ ప్రార్థన రాత్రి ఎనిమిదింటికే జరగాలన్న పట్టుదల వదిలి, 'ఏ' షిఫ్టు వారంలో రాత్రి, బీ షిఫ్టు వారంలో పిల్లలు బడికి బయలుదేరే ముందు, సీ షిఫ్టు వారంలో ఆయన టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న వేళ అని నిర్ణయించుకున్నాం. బస్సులో చదవడానికి ఫోనులోని బైబిలు కాకుండా, డబ్బా సంచిలో పట్టే చిన్న అచ్చు కీర్తనల పుస్తకం పెట్టుకున్నారు. వెళ్ళేటప్పుడు ఒక కీర్తన, అది పూర్తయ్యాక కిటికీలోంచి చూస్తూ మౌనం. తిరిగి వచ్చేటప్పుడు నిద్రపోవచ్చు, దానికి తప్పు పట్టలేదు. గేటు దగ్గర కార్డు చూపించే ముందు, "ప్రభువా, ఈ షిఫ్టులో నా కళ్ళు, నా చెయ్యి నీవి" అన్న ఒక్క మాట. ఆ మాట ఆయన సొంతం.

ఆయుధ పూజ

దసరాకు యంత్రాలకు పూజ చేసేటప్పుడు షిఫ్ట్ ఇన్‌ఛార్జి కొబ్బరికాయ కొట్టడం ఆ విభాగంలో ఆనవాయితీ. అంతకు ముందు సంవత్సరాల్లో ఆయన సెలవు పెట్టి తప్పించుకున్నారు. ఈసారి ముందుగానే సీనియర్ ఆపరేటరుతో, "అన్నా, నా విశ్వాసం ప్రకారం నేను కొట్టలేను, మీరు కొట్టండి. ముందురోజు యంత్రాలన్నీ కడిగి, రంగులు వేయించే పని నాది" అని చెప్పారు. ఆ ఆపరేటరు సంతోషంగా ఒప్పుకున్నారు. పూజ జరుగుతున్నప్పుడు వెనుక నిలబడడం తగునా అని మా పెద్దల్లో వాదన జరిగింది. సిరియా సేనాధిపతి నయమాను తన రాజుకు చేయూతనిస్తూ రిమ్మోను దేవత గుడిలో వంగవలసి వస్తుందని చెప్పుకున్నప్పుడు, ఎలీషా ప్రవక్త "నెమ్మదిగలిగి పొమ్ము" అన్నాడే తప్ప గద్దించలేదని ఒకరన్నారు. విగ్రహారాధనకు దూరంగా ఉండమన్న కొరింథీయుల పత్రికను ఎత్తి మరొకరు కాదన్నారు. నేను ఆ సోదరుని మనస్సాక్షికి వదిలాను. ఆయన నిలబడ్డారు, నమస్కరించలేదు, ప్రసాదం మర్యాదగా వద్దన్నారు. ఎవరూ నొచ్చుకోలేదు.

సంతకం విషయంలో ఎదురైన ఒత్తిడితో పోలిస్తే ఇది ఎంతో తేలికగా తీరింది. కానీ మన సంఘాల్లో దీని మీద జరిగే చర్చలో పదో వంతు కూడా దాని మీద జరగదు. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది. దానియేలు కిటికీలు తెరుచుకుని రోజుకు ముమ్మారు ప్రార్థించిన 6వ అధ్యాయం 10వ వచనం మీద నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. అదే అధ్యాయం 4వ వచనంలో, రాజ్యపు పనిలో అతని మీద తప్పు వెతికినవారికి ఏ తప్పూ దొరకలేదన్న మాట ముందే ఉంది. అతని శత్రువులు ప్రార్థన మీదికి వెళ్ళింది పనిలో ఏమీ దొరకక.

ఇప్పటి స్థితి

ఆయన ప్రభువు బల్లకు తిరిగి వచ్చారు. షిఫ్టుల వల్ల మొదటి ఆదివారం నిజంగానే రాలేనివారు ఇంకెందరో ఉన్నారని ఈ కేసు వల్ల గమనించి, సంఘ కమిటీ నెలలో ఒక బుధవారం సాయంత్రం కూడా బల్ల ఇవ్వడానికి ఒప్పుకుంది. కర్మాగారాల్లో పనిచేసేవారు, ఆసుపత్రి నర్సులు, రాత్రి డ్యూటీ సెక్యూరిటీ వారు దానికి వస్తున్నారు. వారిలో ఇద్దరితో కలిసి ఈ సోదరుడు వీక్లీ ఆఫ్ రోజున ఒకరి ఇంట్లో కూర్చుని, ఆ వారం పనిలో ఎక్కడ తడబడ్డారో ఒకరికొకరు చెప్పుకుని ప్రార్థిస్తారు. నేను ఆ కూడికకు వెళ్ళను. కాపరి లేనప్పుడే ఆ మాటలు స్వేచ్ఛగా వస్తాయి.

భార్య కోపం తగ్గడానికి నెలలు పట్టింది. ఆమె సాయంత్రాలు ట్యూషన్లు మొదలుపెట్టారు. దశమభాగం పూర్తిగా కాదు గాని కొంత మళ్ళీ వస్తోంది, నేను అడగకుండానే. 'ఏ' షిఫ్టు సాయంత్రాల్లో ఫోను లెక్క ఇంకా ఎక్కువగానే ఉందని, ఆ వారాలకు మాత్రం నోటుబుక్కు కొనసాగిస్తానని ఆయనే అన్నారు.

విభాగంలో మనుషులను ఇంకా పెంచలేదు. రౌండు వేయలేకపోయిన గంటల్లో ఆయన షీటులో గడి ఖాళీగా వదిలి, "ఒక్కరే ఉన్నాం, చూడలేదు" అని రాసి సంతకం పెడుతున్నారు. ప్రతి నెలాఖరులో దీని మీద మాట వస్తూనే ఉంది. ఇదే పద్ధతిలో ఎంతకాలం నెగ్గుకురాగలరన్నది తేలలేదు. మరొక కంపెనీలో ప్రయత్నించాలా, ఇక్కడే ఉండి మనుషుల కోసం రాతపూర్వకంగా అడగాలా అన్న ప్రశ్నను, పెద్దమ్మాయి పదో తరగతి పరీక్షలు ముగిశాక ముగ్గురం కూర్చుని తేల్చుకోవాలని అనుకున్నాం.